ఇవాళ మీ జేబులో ఏ చాకు ఉంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఆదివారం రాత్రి 9:10

నమస్కారం. రెండేళ్ళుగా ఈ చాకుల ఫోరంలో మీ రాతలు చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప నోరు విప్పలేదు. ఇవాళ రాయక తప్పలేదు. కొట్టు కట్టేసి ఇంటికొచ్చి చొక్కా తగిలిస్తుంటే జేబులోని చాకు గచ్చు మీద పడింది. పిడికి ఒకపక్క బిళ్ళ అడ్డంగా చిట్లిపోయింది.

తాత చాకు అది. ఎప్పుడో కలకత్తాలో కొన్నాడట. తాత నుంచి నాన్నకి వచ్చింది. చూపు మందగించాక నాన్న నాకిచ్చేశారు. మడిచిపెడితే నా చిటికెన వేలి కంటే ఓ గోరంత పొడుగు. రెండు బ్లేడులు. పెద్దది సాన తగిలీ తగిలీ చేప ముల్లులా సన్నబడింది, చిన్నది ఎవరూ వాడక ఇంకా వెడల్పుగానే ఉంది. గాటులో గోరు పెట్టి లాగితే సగంలో ఆగి 'టిక్' అంటుంది, పూర్తిగా తెరుచుకుంటే 'టక్'. ఆ రెండు చప్పుళ్ళూ వినపడితే చాలు, పక్కగదిలో ఉన్నది నాన్నేనని మాకు తెలిసిపోయేది.

మాది పుస్తకాల కొట్టు. పురికొస కొయ్యాలి, పార్సిలు అట్ట చీల్చాలి, బడిపిల్లల పెన్సిళ్ళు చెక్కాలి, మధ్యాహ్నం జామకాయ ఉండనే ఉంది. రోజుకి ముప్పైసార్లు తీస్తాను.

మా ఊరు కొమ్ము పనికి పేరు మోసిందని మీకు తెలుసు కదా. గజపతి రాజులు పోషించిన విద్య అది. గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, మీసాలతో సహా రొయ్యలు చేస్తారు. మొదటి పిడి విరిగిపోతే మన ఊరి కొమ్ముతోనే వేయించానని తాత చెప్పేవాడు. తేనె రంగు మీద నల్ల చారలు. దాన్నే ఇవాళ పగలగొట్టుకున్నాను.

ఇంకో తలనొప్పి. ఎంత నూనె రాసినా మూసిపెట్టిన బ్లేడుకి పిడి పక్కన ఒకేచోట తుప్పు లేస్తోంది. దసరాకి ఆయుధ పూజలో పెట్టే వస్తువు, దాని ఒంటి నిండా పూజగది వాసనే, అయినా ఈ తుప్పు మాత్రం వదలదు. ఎవరైనా దారి చెప్పండి. అలాగే మీమీ జేబుల్లో ఏముందో కూడా చెప్పండి, నా మనసు కాస్త కుదుటపడుతుంది.

గుణుపురం_తాత, ఆదివారం రాత్రి 9:48

బాబూ, నువ్వు రాసింది చదివి నా చాకు తీసి బల్ల మీద పెట్టుకున్నాను. నేను మన చిన్న రైల్లో పనిచేశాను. నౌపడ నుంచి మీ పర్లాకిమిడి మీదుగా మా గుణుపురం దాకా రెండున్నర అడుగుల గేజు. మా ఊరికి ఆ బండి 1931లో వచ్చింది, 2004లో ఆపేశారు, 2011లో పెద్ద గేజు మీద మళ్ళీ మొదలైంది. ఆ బండిలో పెన్సిలుతోనే రాత. కుదుపులకి పెన్సిలు మొన గంటకోసారి విరిగేది. అందుకని చాకు లేకుండా బండెక్కిన రోజు లేదు.

ఇప్పుడు నా జేబులో ఉన్నది మనవడు ఫ్రాన్సు నుంచి తెచ్చిన ఒపినెల్, 8వ నెంబరు. 1890లో సవోయ్ కొండల్లో మొదలెట్టారట. బీచ్ అనే చెట్టు కర్ర పిడి, దానికో ఇనప ఉంగరం. ఉంగరం తిప్పితే అలుగు, అదే బ్లేడు, బిగుసుకుపోతుంది, వేళ్ళ మీదకి మడవదు. ఆ ఉంగరం 1955లో పెట్టారు, అంతకుముందు చాకుల్లో లేదు. అంతా బాగుంది గానీ మన శ్రావణ మాసం దానికి తెలీదు. ముసురు పట్టిందంటే కర్ర ఉబ్బి అలుగు బయటకి రాదు. గోరు విరిగినంత పనయింది. వాళ్ళ ఊళ్ళో పిడి చివర బల్లకేసి కొడితే అలుగు కాస్త లేస్తుందట. మనవడు చూపించాడు. పని చేస్తుంది. మా ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే ఈ మేకులు కొట్టడం ఏమిటని అడుగుతోంది.

ప్రాణహిత_గట్టు (సిరోంచ), ఆదివారం రాత్రి 10:30

తాతా, మీ ఫ్రాన్సు చాకు ముచ్చట మస్తుగున్నది. మాకాడ ప్రాణహితకు అటు తెలంగాణ, ఇటు మహారాష్ట్ర. బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, చాకు మాత్రం మా కమ్మరాయనది. లారీ కమాను పట్టీ ముక్క తెచ్చి కొలిమిల పెట్టి కొట్టిండు. స్ప్రింగు లేదు, తాళం లేదు. కర్ర పిడికి రంపంతోటి చీలిక, అండ్ల బ్లేడు, అడ్డంగ ఒక చీల. చీల బిగుతే దానికి తాళం. జపాన్ల మికి అనే ఊళ్ళె హిగోనోకామి అని చేస్తరు, అది గూడ గిట్లనే స్ప్రింగు లేనిది. బ్లేడుకు చిన్న తోక ఉంటది, కోసేటప్పుడు దాని మీద బొటనవేలు పెట్టి అదుముకోవాలె. మాదానికి ఆ తోక లేదు. అందుకే నా చూపుడు వేలికి మూడు కుట్లున్నయి. తునికాకు కట్ట తాడు కోస్తుంటె లటుక్కున మూసుకున్నది. తప్పు చాకుది గాదు, మొన గుచ్చి మెలిపెట్టిన నాది. తాళం లేని చాకుతోటి కోయాలె గాని పొడవొద్దు, మెలిపెట్టొద్దు.

అయినా ఆ చాకే నా జేబుల ఉన్నది.

బరంపురం_కోడలు, సోమవారం ఉదయం 6:55

పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను. ఒక్క సందేహం తీర్చండి అన్నలూ. మా ఆయన దగ్గర పదకొండు చాకులున్నాయి. మామిడికాయ కోయాల్సి వస్తే "కత్తిపీట ఎక్కడ?" అని నన్నే అడుగుతారు. పోగేసుకోవడం సరే, నిజం చెప్పండి, నిన్న ఎవరెవరు ఏమేం కోశారు?

ప్రాణహిత_గట్టు, సోమవారం ఉదయం 7:20

ఉల్లిగడ్డ ఒకటి. బీడీ కట్ట మీది దారం. అంతే అక్కా.

గుణుపురం_తాత, సోమవారం ఉదయం 7:41

మాత్రల అట్ట కోశాను. బీపీవి.

బరంపురం_కోడలు, సోమవారం ఉదయం 8:05

నవ్వు ఆగట్లేదు తాతగారూ. సరే, నా గుట్టు కూడా విప్పుతాను. నా హ్యాండ్‌బ్యాగులో రోజూ ఉండేది మా అత్తగారి అడకత్తెర. ఇత్తడిది, రెండు పిళ్ళకీ చిలక ముక్కులు. అత్తగారు ఒడియా వాళ్ళు, ఆవిడ దాన్ని గువాకాతి అంటారు. మరాఠీలో కూడా అడకిత్తా అనే అంటారని విన్నాను, సిరోంచ అన్న చెప్పాలి. నేను వక్క నమలను. బ్యాంకులో క్యూలో నిలబడ్డప్పుడు బ్యాగులో చెయ్యి పెట్టి ఆ చిలక ముక్కు మీద వేలు రాస్తూ ఉంటాను. కాబట్టి మిమ్మల్ని ఏమీ అనే హక్కు నాకు లేదు.

ప్రాణహిత_గట్టు, సోమవారం ఉదయం 8:11

ఔ అక్కా, అడకిత్తానే. పేరుకు సరిహద్దు లేదు.

జయపురం_కొత్త, సోమవారం మధ్యాహ్నం 1:15

అన్నలూ, నేను కొత్త. కొరాపుట్‌లో చదువుతున్నాను. మొన్ననే మొదటి చాకు కొన్నాను, విక్టోరినాక్స్, ఎర్రది, బ్లేడు రెండున్నర అంగుళాలు ఉండదు. నాలుగో రోజే పోయింది. విమానం ఎక్కబోతుంటే చేతిసంచీలో దొరికింది. అక్కడున్నాయన డబ్బాలోకి విసిరేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైగా "ఇలాంటివి జేబులో పెట్టుకు తిరిగితే కేసవుతుంది" అన్నాడు. అసలు జేబులో చాకు పెట్టుకోవచ్చా? మా అమ్మ రాత్రి నుంచీ ఒకటే గొడవ.

నాందేడ్_సాన, సోమవారం మధ్యాహ్నం 2:40

తమ్ముడూ, విమానం సంగతి వేరు, చట్టం సంగతి వేరు. క్యాబిన్‌లోకి ఏ చాకునీ రానివ్వరు, పెట్టె సామానులో వేసి లోపలికి పంపేయాలి. అది నువ్వు చేసిన పొరపాటే, బాధపడి లాభం లేదు.

చట్టానికొస్తే, 1959 ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనలున్నాయి. బ్లేడు 9 అంగుళాల కంటే పొడుగున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆయుధం లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికి, పొలం పనికి, ప్రయోగశాలకి, ఫ్యాక్టరీకి తయారైనవాటిని ఆ లెక్కలోంచి తీసేశారు. నీ ఎర్ర చాకు దాని దరిదాపుల్లో లేదు. కాకపోతే కొన్నిచోట్ల ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్లు ఇస్తుంది. ఎన్నికలప్పుడో, గొడవలప్పుడో పాత 144, ఇప్పుడు 163 సెక్షను పెడతారు. అలాంటి రోజుల్లో ఇంట్లో పెట్టి వెళ్ళు. కోర్టుకి, పరీక్ష హాలుకి, మెట్రోకి అసలు వద్దు. పోలీసు అడిగితే "ఆత్మరక్షణకి" అన్న మాట నోట రానీయకు. పండు కోసుకోవడానికి అను, నిజం కూడా అదే కదా.

మా నాందేడ్‌లో గురుద్వారా చుట్టూ కిర్పాన్ల కొట్లే. సిక్కులకి కిర్పాన్ ధరించే హక్కు రాజ్యాంగంలో 25వ అధికరణ కిందే రాసి ఉంది. ఆ వీధుల్లో పెరిగినవాణ్ణి, చాకు చూసి బెదిరేవాళ్ళని చూస్తే నాకు కొంచెం వింతగానే ఉంటుంది. అలాగని చూపించుకు తిరిగేవాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. సినిమా రౌడీలు రాంపురి చాకుని ఊపి ఊపి దాని పరువు తీశారు. ఆ చాకులు చేసే ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ వాళ్ళు మాత్రం 2023లో కూడలి మధ్య 20 అడుగుల చాకు నిలబెట్టుకున్నారు. వాళ్ళ చేతిపని మీద వాళ్ళకి ఉన్న గౌరవం అది.

ఇంక మహేంద్రతనయ గారూ. మీరు రాసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. తుప్పు పిడి పక్కనే, మూసి ఉన్నప్పుడే పడుతోందా? ఆ పూజగది వాసన ఏ వాసన? గంధమా, అగరొత్తులా, కర్పూరమా?

మహేంద్రతనయ, సోమవారం సాయంత్రం 5:02

కర్పూరం. ఖచ్చితంగా కర్పూరం. అరచేతిలో కాసేపు పట్టుకుంటే ఇంకా బాగా వస్తుంది. ఎందుకండీ?

నాందేడ్_సాన, సోమవారం సాయంత్రం 5:30

చెప్తాను, మీరేమీ అనుకోవద్దు. అది కొమ్ము కాకపోవచ్చు. సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ అయి ఉంటుంది. దూదిని ఆమ్లంతో మార్చి చేసే, ఇట్టే మండే గన్‌కాటన్ లాంటి పదార్థంలో కర్పూరం కలిపి చేస్తారు. అమెరికాలో హయట్ అనే ఆయన 1870లో పేటెంటు తీసుకున్నాడు. దువ్వెనలు, సినిమా రీళ్ళు, పింగ్‌పాంగ్ బంతులు అన్నీ ఒకప్పుడు దాంతోనే. చాకుల కంపెనీలకి అది వరమైంది. కొమ్ములా, తాబేటి చిప్పలా, ముత్యపు చిప్పలా ఎలా కావాలంటే అలా రంగులు పోయొచ్చు. పాతబడ్డాక దానిలోంచి ఆమ్లం ఆవిరి వస్తుంది. పక్కనున్న ఉక్కుని తినేస్తుంది. అందుకే మీ నూనె పని చేయలేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కాల్చిన సూది గుచ్చి చూసే పరీక్ష ఒకటి చెప్తారు, కొమ్మయితే జుట్టు కాలిన వాసన వస్తుందని. ఆ పని అస్సలు చేయకండి. సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది.

మహేంద్రతనయ, సోమవారం సాయంత్రం 5:44

అయ్యబాబోయ్. ఏటా దసరాకి దాన్ని దీపం పక్కనే పెడతాం!

బరంపురం_కోడలు, సోమవారం సాయంత్రం 5:50

మీ ఇంటి మీద అమ్మవారి చూపుంది అన్నగారూ.

గుణుపురం_తాత, సోమవారం రాత్రి 8:15

ముందు ఊళ్ళో కొమ్ము పనివాళ్ళకి చూపించు బాబూ. వాళ్ళ చేతికి తెలుస్తుంది. మరీ దుప్పి కొమ్ము వేయిస్తానని మాత్రం బయల్దేరకు. ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డు చాకుల పిళ్ళకి మన దేశపు సాంబరు దుప్పి కొమ్ములే ఓడలెక్కి పోయేవి. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం ఉంది, ఆ వ్యాపారం నేరం. గేదె కొమ్ముకి ఏ ఇబ్బందీ లేదు.

జయపురం_కొత్త, మంగళవారం ఉదయం 10:20

ఇంకో చాకు కొంటున్నాను (అమ్మకి చెప్పలేదు). మామూలు ఉక్కు తీసుకోనా, స్టెయిన్‌లెస్సా?

ప్రాణహిత_గట్టు, మంగళవారం ఉదయం 10:31

మామూలు ఉక్కే. పదును లేస్తే లేసినట్టుంటది, నది రాయి మీద నాలుగు గీతలు గీస్తె చాలు.

బరంపురం_కోడలు, మంగళవారం ఉదయం 10:50

స్టెయిన్‌లెస్. మా ఆయన ఉక్కు చాకుతో పచ్చిమామిడి కోస్తే ముక్కలు నల్లబడి, ఇనప రుచి ఎక్కి, ఆ ఏడు తొక్కుడు పచ్చడి ఎవరూ ముట్టలేదు. కిలోన్నర.

నాందేడ్_సాన, మంగళవారం మధ్యాహ్నం 12:05

ఇద్దరూ నిజమే చెప్పారు. క్రోమియం పది, పదకొండు శాతం దాటితే స్టెయిన్‌లెస్. నీ విక్టోరినాక్స్ అదే జాతి. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కొట్టు పెట్టాడు, 1897లో ఆ ఆఫీసరు చాకు నమోదు చేశాడు. అప్పట్లో అదీ మామూలు ఉక్కే. తరవాత స్టెయిన్‌లెస్ వచ్చాక పేరు చివర 'ఇనాక్స్' (ఫ్రెంచిలో స్టెయిన్‌లెస్ అని) తగిలించుకున్నారు. కొత్తవాడివి, ఒళ్ళు తడి, జేబు తడి, నూనె రాయడం గుర్తుండదు. స్టెయిన్‌లెస్సే తీసుకో.

నా సంగతి వేరు. నేను ఉక్కు మనిషిని. మాకు ఎంతో దూరం లేని నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు పర్షియా వర్తకులు పట్టుకెళ్ళేవారు. ఇంగ్లీషు వాళ్ళు 'వూట్జ్' అని పలికింది మన 'ఉక్కు' మాటనే అంటారు. ఇది తెలిశాక స్టెయిన్‌లెస్ జేబులో వేసుకోబుద్ధి కాలేదు. మొదటి నెల బ్లేడు మీద ఉల్లిపాయ నీలం, నిమ్మకాయ బూడిద రంగు, చింతకాయ నలుపు అన్నీ తేల్తాయి. ఆ నలుపు తుప్పు కాదు, ఆ పొర ఉంటే ఎర్ర తుప్పు అంత తొందరగా పట్టదు. ఏ ఇద్దరి చాకుల మీదా ఒకే మచ్చలుండవు.

రోజూ చూసుకోవాల్సింది ఒకటుంది. కీలు దగ్గర జేబు నూగు పేరుకుంటుంది. దాని మీదే నూనె పోస్తే బంకయిపోతుంది. ముందు పుల్లతో నూగు లాగెయ్యి, తరవాత ఒక్క చుక్క వెయ్యి. కొబ్బరినూనె వద్దు, చలికాలం పేరుకుంటుంది. కుట్టుమిషను నూనె చాలు.

జయపురం_కొత్త, మంగళవారం మధ్యాహ్నం 12:30

సానరాయి కూడా కొనాలా అన్నా? మళ్ళీ డబ్బులు.

గుణుపురం_తాత, మంగళవారం మధ్యాహ్నం 1:10

అక్కర్లేదు. పింగాణీ కప్పు బోర్లించు. అడుగున మెరుపు లేని గరుకు అంచు కనిపిస్తుంది, అదే నీ సానరాయి. అలుగుని దాదాపు పడుకోబెట్టి, వీపు రెండు రూపాయి బిళ్ళల ఎత్తు లేపు, కాగితం పొర తీస్తున్నట్టు ముందుకి తొయ్యి. ఒకవైపు అయ్యాక రెండోవైపు వేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగలాలి. తగిలిందా, చాకు తిప్పు. చివర్లో తోలు బెల్టు మీద వెనక్కి లాగు. ముందుకి తోస్తే బెల్టు పోతుంది, నాది అలాగే పోయింది. న్యూసుపేపరు అంచు చప్పుడు లేకుండా తెగితే పదునొచ్చినట్టు. చిరుగుతున్న చప్పుడొస్తే మళ్ళీ మొదలెట్టు.

బరంపురం_కోడలు, మంగళవారం మధ్యాహ్నం 1:25

కప్పు ఇంటావిడ కంటపడకుండా.

మహేంద్రతనయ, శుక్రవారం రాత్రి 10:05

వెళ్ళొచ్చాను. వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

పనాయన పెద్దవాడే. చాకు చేతికివ్వబోతే "కింద పెట్టు" అన్నాడు. కత్తి చేతికిస్తే తగువు వస్తుందని మా అమ్మ కూడా అంటుంది, అక్కడ ఒడియాలో అదే మాట వినేసరికి నవ్వొచ్చింది. కిందనుంచి తీసుకుని చిట్లిన బిళ్ళని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశాడు. ఒక్క ముక్కే అన్నాడు, "ఇది గేదె తలమీద పెరిగింది కాదు." తరవాత చీలలు చూపించాడు. తలలు సమంగా, బిళ్ళతో కలిసిపోయి ఉన్నాయి. ఫ్యాక్టరీలో వేసినప్పటి నుంచీ వాటిని ఎవరూ తియ్యలేదట. అంటే మన ఊళ్ళో పిడి వేయించానని తాత చెప్పింది కథ. ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియాలి.

ఆకురాయితో చీల తలలు అరగదీసి బిళ్ళలు రెండూ ఊడదీశాడు. లోపల ఇత్తడి రేకు పచ్చగా చిలుం పట్టిపోయి ఉంది. కొమ్ము ముక్క సెగ మీద తిప్పుతుంటే జుట్టు కాలిన వాసన గదంతా కమ్మేసింది. అది మెత్తబడగానే రెండు చెక్కల మధ్య బిగించి చదును చేశాడు. ఆరాక కోసి, ఇత్తడి తీగతో చీలలు కొట్టి, గాజు పెంకుతో గీకడం మొదలెట్టాడు. పెంకు కింద నల్లటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలింది. నాలుగు వందలు తీసుకున్నాడు. ఎండలో, కారులో వదిలేస్తే కొమ్ము ఎండి పగులుతుందని, అప్పుడప్పుడు నూనె చెయ్యి రాయమని చెప్పాడు.

ఇప్పుడు పిడి నల్లగా ఉంది, ఒక మూల మాత్రం బూడిద చార. నాకు నచ్చింది. ఊడదీసిన బిళ్ళలు పారేయలేక చిల్లుల డబ్బాలో వేసి వరండాలో పెట్టాను, పొయ్యికీ దీపానికీ దూరంగా.

ప్రాణహిత_గట్టు, శుక్రవారం రాత్రి 10:20

మరి మీ నాయిన ఏమన్నడు?

మహేంద్రతనయ, శుక్రవారం రాత్రి 10:41

ఆయనకి ఏమీ చెప్పలేదు. పక్కగదిలో తెరిచాను. టిక్, టక్. "బాగయిందేటిరా చాకు?" అని కేకేశారు. తెచ్చి పక్కన పెట్టాను. చేతిలోకి తీసుకుని పిడంతా తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఊరుకున్నారు. "కర్పూరం వాసన ఏదిరా?" అన్నారు. కడిగించాను నాన్నా అన్నాను.

నాందేడ్_సాన, శుక్రవారం రాత్రి 10:50

బాగా చెప్పారు.

బరంపురం_కోడలు, శుక్రవారం రాత్రి 10:58

అదంతా సరే అన్నగారూ. ఇంతా చేసి, కొత్త పిడితో ఇవాళ ఏం కోశారు?

మహేంద్రతనయ, శుక్రవారం రాత్రి 11:02

పాల ప్యాకెట్టు. నాన్నే కోస్తానన్నారు. మూల కాస్త ఎక్కువ తెగింది, గట్టంతా పాలు.